పదిహేడు ఒకట్లు

1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చాక కర్నూలులో ఇళ్లు దొరక్క గుడారాలకు కూడా గిరాకీ పెరిగింది. ప్రైవేటు డిటెక్టివ్ ఏసన్న మాత్రం తన పాత మిద్దెగది వదల్లేదు. ఆ మధ్యాహ్నం నందికొట్కూరు బస్సు దిగి అక్కడికి వచ్చినామె పేరు నాగలక్ష్మమ్మ. ఆమె భర్త సుబ్బయ్య, లెక్కల అయ్యవారు, గుండె ఆగి పోయి నెల కాలేదు. ఆమె ఏడవలేదు. ఇచ్చిన మంచినీళ్లు తాగడం కూడా మరిచిపోయింది.

"పదిహేడు ఒకట్లు పక్కపక్కన రాస్తే ఒక అంకె వస్తాది గదా. దాన్ని భాగించేది ఏదన్నా ఉండాదా అని ఆయప్ప ఏండ్లకేండ్లు లెక్కలు చేస్తాండె. మా వసారాలో కడప బండల మీద, సుద్దముక్కతో. ఆడనే వాలిపోయినాడు. శవాన్ని ఎత్తినాక ఇల్లు కడగల్ల గదా. నా చేతుల్తోనే అంతా కడిగేసినా."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారమ్మా?"

"ఆయప్ప శిష్యుడు రామకృష్ణ కడపలో లెక్చరరు. మొన్న బడిలో పెట్టిన సంతాపసభలో బోర్డు మీద రెండు అంకెలు రాసి, గురువుకు దొరకంది నాకు దొరికిందన్నాడు. ఆయప్పకు నిజంగా దొరకలేదా? నేను కడిగేసింది ఏంటిదో చెప్పప్పా, అంతే."

ఇదీ ఒక కేసేనా అనుకున్నాడు సహాయకుడు నరసన్న. కానీ అతని గురువుగారు ఏసన్న అప్పుడే చొక్కా తొడుక్కుంటున్నారు. గురువుగారు లేచారంటే అది కేసే. నరసన్న భక్తి అలాంటిది.

ఏసన్న నందికొట్కూరు వెళ్లి, బడి బోర్డు మీద ఇంకా చెరపని ఆ అంకెలు చూసి వచ్చాడు. ఆదివారం రామకృష్ణనూ, ఆనాడు శవం దగ్గర ఉన్న పెద్దలనూ అయ్యవారి వసారాకు పిలిపించాడు. రామకృష్ణ సుద్దముక్క తీసుకుని బండ మీద రాశాడు: 2071273, 5363222357.

"ఈ రెండూ గుణిస్తే పదిహేడు ఒకట్లు."

"గుణించి చూశారా?" అన్నాడు ఏసన్న.

"అవసరమేముంది? అయ్యవారు మాకందరికీ నేర్పిన తొమ్మిదుల పరీక్ష చేశాను. మొదటిదాని అంకెలు కూడుతూ పోతే నాలుగు, రెండోదానివి రెండు. గుణిస్తే ఎనిమిది. పదిహేడు ఒకట్లు కూడితే పదిహేడు, అదీ ఎనిమిదే."

నరసన్న వేళ్ల మీద లెక్కేశాడు. సరిపోయింది. అతని ముఖం వాడిపోయింది.

"ఆనాడు శవం ఇక్కడుండగా మీరెక్కడ నిలబడ్డారు?" అని అడిగాడు ఏసన్న.

"శవానికి అవతల, గోడ దగ్గర. బండల మీద ఏవో గీతలున్నాయి. నేను చూడలేదు."

ఏసన్న పెద్దల వైపు తిరిగాడు.

"అంకెలు తారుమారైతే తొమ్మిదుల పరీక్షకు తెలియదు. కూడితే అంతే వస్తుంది కదా! కానీ లెక్కల్లో ఒక నియమం ఉంది: ఈ పెద్ద సంఖ్యను భాగించే దేన్నైనా పదిహేడుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఈయన మొదటిదానికి పది మిగులుతోంది. అంటే అది తప్పు."

అతను పక్క బండ మీద చివర్లోని రెండునూ ఏడునూ అటూ ఇటూ మార్చి రాశాడు: 2071723. దాని కింద 5363222357.

"ఇప్పుడు ఒకటే మిగులుతుంది. గుణించి చూశాను, పదిహేడు ఒకట్లూ వచ్చాయి. మరి మొదటిది తప్పయితే, దాంతో భాగించినవాడికి రెండోది ఇంత సరిగ్గా ఎలా వస్తుంది? రాదు. చూసి రాసుకున్నవాడికే వస్తుంది. రామకృష్ణగారూ, మీరు శవానికి అవతలి నుంచి తలకిందులుగా చదివారు, తొందరలో రెండంకెలు తారుమారయ్యాయి. శవం లేవగానే నేల కడుగుతారని మీకు తెలుసు. ఇక అడిగేవాళ్లెవరు?"

రామకృష్ణ తల దించుకున్నాడు. "పేరొస్తాదనుకున్నానమ్మా. అయ్యవారు ఎట్లాగూ లేరు గదా అని..."

నాగలక్ష్మమ్మ అతని వైపు చూడలేదు.

"అయితే ఆయప్పకు దొరికిందా?"

"దొరికిందమ్మా. దొరికాకే పోయారు."

ఆమె ఏసన్న రాసిన బండ మీది రెండు వరసల్నీ వంగి చూసింది.

"ఇంతేనా?" అంది.

ఏసన్న సుద్దముక్కను బండ పక్కన పెట్టాడు. పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నాగలక్ష్మమ్మ బకెట్‌తో నీళ్లు తెచ్చి, రామకృష్ణ రాసిన బండ మొదలుకుని వసారా అంతా కడిగింది. ఏసన్న రాసిన బండ దగ్గరికి వచ్చి గుడ్డ పిండేసింది. దాన్ని మాత్రం కడగలేదు.