తడి ఆరని గోల్ గీత

వీపు మీద హెడ్‌లైట్లు పడ్డాయి!

సున్నం వెనక్కి చూడడు. చూసినా లాభం లేదు. వెనక తరుముకొస్తున్నది యాభై సీట్ల నల్ల బస్సు. తను నడుపుతున్నది...

గడ్డి బండి!

మూడు చక్రాలు. వెనక తొట్టి నిండా పొద్దున కోసిన గడ్డి. దిగి తోసుకుంటూ పోతే ఇంతకంటే ముందు చేరొచ్చు.

పాం...! పాం...!

"బావా! ఆగు! బండి ఆపు!"

ఆ గొంతు సున్నానికి పాతికేళ్ళుగా తెలుసు. పెళ్ళాం తమ్ముడు. నల్లచొక్కాల టీమ్ బస్సు డ్రైవర్.

"ఆగితే తొక్కించుకుంటూ పోదామనా? నల్ల వెధవా!"

"ముందు నా మాట వినవయ్యా!"

"మీ వాళ్ళు చేసింది చాలు! ఇంకా మాటలు కూడానా!"

టైమ్ ఏడూ పన్నెండు.

ఎనిమిదింటికి మ్యాచ్.

ఈలోపు అల్లుణ్ణి పట్టుకోకపోతే... అల్లుడి మోకాలి చిప్ప ఉండదు!

ఊరికి నడుమ రైలు పట్టాలు. ఇవతల పసుపుచొక్కాల క్లబ్బు. అవతల నల్లచొక్కాల క్లబ్బు. ఇవతలి ఇళ్ళల్లో నల్ల గొడుగు ఉండదు. వానొస్తే తడుస్తారు గానీ పట్టుకోరు. అవతలివాళ్ళు కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన తీసి కుక్కకి వేస్తారు. ఆ కుక్క కూడా ముందు వాసన చూసి, ఓసారి ఆలోచించి తింటుంది. నమ్మకపోతే వెళ్ళి ఆ కుక్కనే అడగండి.

ఈ రాత్రి ఓడినవాళ్ళు కింది డివిజన్‌కి పోతారు. అంటే... సగం ఊరికి రేపు తెల్లారదు.

సున్నం పసుపు స్టేడియంలో గ్రౌండ్స్‌మన్. ముప్ఫై ఏళ్ళుగా పచ్చిక మీద తెల్లగీతలు గీస్తున్నాడు. మొదట్లో సున్నంతో. ఇప్పుడు పెయింటుతో. పేరు మాత్రం సున్నమే మిగిలింది.

అల్లుడు అదే క్లబ్బులో గోల్ కీపర్. ముద్దుపేరు గోడ. పెళ్ళినాడు ఊరంతా ఒకటే నవ్వు... "గోడకి సున్నం పడిందిరోయ్!" అని.

ఆ గోడ ఇప్పుడు లేదు!

ఆరూ యాభైకి ఫోన్ వచ్చింది. నోటికి ఏదో అడ్డం పెట్టుకున్న గొంతు.

"నీ అల్లుడు మా దగ్గరున్నాడు. గోల్ ముందు ప్రాక్టీసు చేసుకుంటుంటే బరబరా ఈడ్చుకొచ్చాం."

"ఎవడ్రా నువ్వు?"

"ఇవాళ వాడు ఆడకూడదు. కడుపునొప్పని మీ కోచ్‌కి చెప్పు. ఎనిమిదిలోగా చెప్పకపోయావో, పోలీసుల దగ్గరికెళ్ళావో... మోకాలి చిప్ప డబ్బాలో పెట్టి పంపిస్తాం!"

కట్.

సున్నం గోల్ దగ్గరికి పరుగెత్తాడు.

గోల్ ముందు ఒక గ్లవ్ పడి ఉంది. ఒక్కటే.

గోల్ వెనక చిన్న గేటు. బార్లా తెరిచి ఉంది. అవతల ఖాళీ రోడ్డు.

గోల్ గీత మాత్రం... అబ్బ, ఎంత తిన్నగా ఉంది! ఐదింటికి గీసింది. గాల్లో తేమకి ఇంకా ఆరలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క చెరుపు లేదు, ఒక్క మరక లేదు. గుండె దడదడలాడుతున్నా కళ్ళు ఆ గీతని మెచ్చుకున్నాయి. ఏం చేస్తాం... వంటవాడు చావింట్లో కూడా ఉప్పు చూస్తాడు!

అప్పుడే గుర్తొచ్చింది. ఫోన్‌లో ఆ గొంతు వెనక ఇంకో చప్పుడు...

చిక్... చిక్... చిక్... ఫుస్!

నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్!

మూడు చిక్కులు, ఒక ఫుస్సు. పన్ను విరిగిన స్ప్రింక్లర్ అది. ఊరు మొత్తానికి ఒక్కటే. పదేళ్ళ కిందట పసుపు స్టోర్లోంచి నల్లవాళ్ళు దొంగిలించుకుపోయారు. పాడైపోయింది కాబట్టి సున్నం కేసు పెట్టలేదు. పైగా గేటు తాళం వేయకుండా వాళ్ళకి సాయం కూడా చేశాడు.

అది ఇప్పుడు నల్లచొక్కాల ప్రాక్టీసు గ్రౌండులో ఉంది. పట్టాలకి అవతల!

స్టోర్లో మేకుకి వేలాడుతున్న పాత తుపాకీ తీసి నడుముకి దోపుకున్నాడు. దాంతో ఒక రాత్రి గ్రౌండులోకి దిగిన తోడేళ్ళని కాల్చానని అందరికీ చెబుతుంటాడు. నిశ్చితార్థం నాడు అల్లుడికి చెప్పినప్పుడు తోడేళ్ళు మూడు. పెళ్ళినాటికి ఏడయ్యాయి. అల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు.

గడ్డి బండి బయల్దేరింది. గేటు దాటిందో లేదో... ఆటగాళ్ళని అప్పుడే దించిన నల్ల బస్సు వెంట పడింది.

జేబులో ఫోన్ మోగింది!

కూతురు.

"నాన్నా! ఆయన ఫోన్ ఎత్తట్లేదేంటి?"

"మసాజ్ చేయించుకుంటున్నాడమ్మా..."

"ఆ హారన్ ఏంటి? నువ్వెక్కడున్నావు?"

"నేనా... గ్రౌండులోనే..."

"గ్రౌండులోకి బస్సొచ్చిందా నాన్నా?"

కూతురికి పోలికలన్నీ వాళ్ళమ్మవి. అబద్ధం గుమ్మంలో ఉండగానే చెప్పు తీస్తుంది.

దబ్!

బస్సు అద్దం బండి తొట్టిని గీరింది! బండి ఒక చక్రం మీద లేచింది! గడ్డి ఎగిరి నెత్తిన పడింది! సున్నం ఫోన్ చొక్కా జేబులోకి తోసి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకున్నాడు. కట్ చేశాడో లేదో చూసుకునే తీరికేదీ!

"చంపుతావురా నన్ను?"

"నువ్వే అడ్డం తిప్పావు బావా! డ్రైవింగ్ ఎవడు నేర్పాడయ్యా నీకు?"

"మీ అక్క!"

ముందు... ఎర్ర లైటు!

రైల్వే గేటు పడుతోంది!

టింగ్... టింగ్... టింగ్...

బస్సు ఆగాల్సిందే. గడ్డి బండి...?

సున్నం తల హ్యాండిల్ మీదికి వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. కర్ర నెత్తి మీది టోపీని తన్నుకుపోయింది! బండి పట్టాల మీద టకటకటక గెంతింది! అవతలి గేటు కింద నుంచి బయట పడింది!

వెనక బస్సు బ్రేకులు కీచుమన్నాయి.

"బావా! ఒక్క మాట విను! వాడు..."

మిగతాది రైలు మింగేసింది.

నల్లచొక్కాల ప్రాక్టీసు గ్రౌండు. చీకటి. మనిషి లేడు. అందరూ మ్యాచ్‌కి పోయారు.

చిక్... చిక్... చిక్... ఫుస్!

"ఉన్నావా ముసలిదానా," అనుకున్నాడు సున్నం.

మూల రేకుల షెడ్డు. తలుపు కింద సన్నటి వెలుగు.

తుపాకీ తీశాడు. ఊపిరి బిగబట్టాడు. ఒక్క తన్ను!

తలుపు పగలలేదు. గడియే పెట్టలేదు. సున్నం లోపలికెళ్ళి బోర్లా పడ్డాడు.

తలెత్తితే... కుర్చీ. కుర్చీలో అల్లుడు. ఒంటి చుట్టూ తాడు. నోట్లో గుడ్డ. పక్కన గడ్డి కోసే మిషన్. ఇంకెవరూ లేరు.

సున్నం గుడ్డ లాగేశాడు.

"మామయ్యా! వచ్చారా! జాగ్రత్త, వాళ్ళిప్పుడే బయటికెళ్ళారు!"

"ఎంతమంది అల్లుడుగారూ?"

"నలుగురు! ముసుగులేసుకున్నారు!"

"దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదు గానీ... పశువుని ఈడ్చినట్టు ఈడ్చారు మామయ్యా!"

సున్నానికి కళ్ళు చెమర్చాయి. తుపాకీ నడుముకి దోపి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాళ్ళ కట్లు విప్పబోయాడు.

ఆగిపోయాడు.

అల్లుడి బూట్లు. అడుగున గడ్డి పరకలు. మట్టి. ఆకుపచ్చ మరకలు.

తెలుపు లేదు.

ఒక్క చుక్క లేదు!

సున్నం నెమ్మదిగా తలెత్తాడు.

"గోల్ ముందు నుంచే ఈడ్చారా?"

"అవును."

"వెనక గేట్లోంచి?"

"అంతే కదా మామయ్యా! వేరే దారేది? త్వరగా విప్పండి!"

"గేటుకి పోవాలంటే గీత దాటాలి."

"ఆ..?"

"ఐదింటికి గీసిన గీత. ఇంకా ఆరలేదు. ఈడిస్తే నీ మడమలకి పెయింటు అంటాలి. గీత మీద రెండు చారలు పడాలి. నేను చూసొచ్చా. గీత పెళ్ళికూతురి నుదుట బొట్టులా ఉంది."

అల్లుడు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"మ్యాచ్ ముందు గీత తొక్కితే గోల్ పడుతుందని నీ నమ్మకం. ఎప్పుడూ దూకే దాటతావు. ఇవాళా దూకావు. బుర్ర అబద్ధం అల్లింది గానీ కాళ్ళకి చెప్పడం మర్చిపోయింది." సున్నం లేచాడు. "మరి ఆ నలుగురూ? వాళ్ళూ దూకారా? ఐదుగురూ చేతులు పట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అనుకుని దూకారట్రా?"

చిక్... చిక్... చిక్... ఫుస్!

కుర్చీ కింద రెండో గ్లవ్ కనిపించింది. సున్నం తీశాడు. అరచేతి వైపు ఇంకా తడి. నోటి తడి!

ఫోన్ చేసిన గొంతుకి అడ్డం పెట్టింది ఇదే.

అల్లుడు లేచి నిలబడ్డాడు. తాడు దానంతటదే జారి కాళ్ళ దగ్గర పడింది. ముడి ఉంటేగా!

"సరే," అన్నాడు. గొంతు మారిపోయింది. "వచ్చే సీజన్ నుంచి నేను నల్లచొక్కాకి ఆడుతున్నా. సంతకం కూడా అయిపోయింది. ఇవాళ నేను ఆడి గెలిపిస్తే వాళ్ళు కిందికి పోతారు, నా కాంట్రాక్టు చిత్తుకాగితం. ఆడి ఓడిస్తే అమ్ముడుపోయాడంటారు. ఎత్తుకుపోయారంటే... అయ్యో పాపం అంటారు."

"నా కూతురికి తెలుసా?"

"దానికెందుకు? రేపు చెప్తా. రెండ్రోజులు ఏడుస్తుంది. తర్వాత నల్లచొక్కా ఉతుకుతుంది."

తలుపు దగ్గర ఎగశ్వాస...

బామ్మర్ది! చొక్కా అంతా చెమట. రైలు పోయేదాకా ఆగి, గేటు దూకి, పరుగెత్తుకొచ్చాడు.

"ఇదే... ఇదే చెబుదామని బావా! మా కోచ్ బస్సులో నవ్వుతూ అన్నాడు, 'వాళ్ళ గోడ ఇప్పుడు మన కాంపౌండ్‌దే' అని!"

"మరి హారన్ కొట్టి చస్తావేంట్రా? నోరు లేదూ?"

"అరిచాగా! నువ్వు తిట్టడం ఆపితేగా వినపడేది!"

"వీడు ఆడకపోతే మీరే గెలుస్తారు కదరా. నీకెందుకీ ఆయాసం?"

"మేం గెలిస్తే బంతితో గెలుస్తాం." బామ్మర్ది ఊపిరి తీసుకున్నాడు. "అయినా... అక్క కూతురి కంటే క్లబ్బు ఎక్కువా?" ఒక్క క్షణం ఆలోచించాడు. "కొంచెం ఎక్కువే అనుకో. కానీ ఇలా కాదు."

సున్నం బామ్మర్ది వైపు తిరిగాడు.

అదే పొరపాటు!

నడుము దగ్గర సర్రుమంది. తుపాకీ లేదు!

"కదలొద్దు!"

అల్లుడి చేతిలో తుపాకీ. పెనాల్టీకి ఎదురు నిలబడ్డప్పుడు కూడా వణకని చెయ్యి. ఇప్పుడూ వణకడం లేదు.

"తలుపు మూయండి. మ్యాచ్ అయ్యేదాకా ఎవ్వరూ బయటికి పోవడానికి లేదు."

టైమ్ ఏడూ నలభై.

బామ్మర్ది నోరు తెరవబోయాడు. సున్నం కనుసైగ చేశాడు. నోరు మూతపడింది.

"నేను పోతా," అన్నాడు సున్నం. "స్టేడియంలో మైకు పట్టుకునేవాడు నా చిన్ననాటి నేస్తం. రెండో కీపర్ని నిలబెట్టుకుంటాం. నీ సంగతి మాత్రం నలభై వేల మందికి ఒకేసారి వినపడాలి."

"మామయ్యా... చివరిసారి చెప్తున్నా. కాల్చేస్తా!"

సున్నం తుపాకీ వైపు చూడటం లేదు. ట్రిగ్గర్ మీది వేలినే చూస్తున్నాడు.

నొక్కుతాడా?

నొక్కడులే. ఎంత నీచుడైనా... నా పిల్ల ఏరికోరి చేసుకున్నవాడు. రెండేళ్ళు నా ఇంట్లో తిన్నవాడు.

ఒక అడుగు వేశాడు.

వేలు కదిలింది.

"ఆగండి!"

ఇంకో అడుగు.

ఢాం!

షెడ్డు నిండా పొగ! చెట్ల మీద కాకులన్నీ గోలగా లేచాయి! రేకులు గణగణమన్నాయి!

పొగ మెల్లగా విడింది.

సున్నం నిలబడే ఉన్నాడు.

చొక్కాకి చిల్లు లేదు. నెత్తుటి చుక్క లేదు. కళ్ళలో మాత్రం ఏదో కూలిపోయింది.

అల్లుడు తుపాకీ వైపు చూస్తున్నాడు. మామ వైపు చూస్తున్నాడు. మళ్ళీ తుపాకీ వైపు...

అప్పుడు సున్నం జేబు మాట్లాడింది!

"నాన్నా!"

ఫోన్!

గడ్డి బండి ఒక చక్రం మీద లేచినప్పటి నుంచీ... అది కట్ కాలేదు!

"నాన్నా! బాగానే ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"స్పీకర్లో పెట్టు."

సున్నం పెట్టాడు.

"ఏమండీ..."

అల్లుడి మొహం సున్నం కొట్టినట్టయింది.

"మా నాన్న చెప్పే తోడేళ్ళు ఉత్త కోతలండీ. అది విత్తనాల మీద వాలే పిట్టల్ని తోలే తుపాకీ. గుండు ఉండదు. చప్పుడే. నాకు ఐదేళ్ళప్పుడే తెలుసు."

దూరంగా, పట్టాలకి అవతల, స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది.

ఫోన్‌లో ఒక ఊపిరి. రెండో ఊపిరి.

"మీకు తెలీదు... కదండీ?"