గోడవైపు

ఆ రోజు పొద్దున కూడా ఇల్లంతా ఎప్పటిలాగే హడావుడిగా ఉంది. కూతురు మందుల షాపుకు వెళ్ళాలి. అల్లుడు ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్ళాలి. మనవరాలు బడికి వెళ్ళాలి. ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మనిషి తాతయ్య ఒక్కడే. అందుకే ఆయన అందరికంటే ముందు లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని, ఎవరి దారికీ అడ్డం రాకుండా కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన రేవులో లాంచీ ఇంజను దగ్గరే గడిపాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇంట్లో ఆయనతో ఏం చెప్పాలన్నా గొంతు పెంచాలి. గొంతు పెంచాల్సి వచ్చేసరికి అందరూ అవసరమైన మాటలే చెప్పడం మొదలుపెట్టారు. తిన్నావా, తలుపు వేశావా, మాత్ర వేసుకున్నావా. అవసరం లేని మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మనిషికి తోడుగా ఉండేవి ఆ అవసరం లేని మాటలేనని ఎవరికీ తోచలేదు.

ఆయనకు చిన్న చిన్న ఓడలు చేసే అలవాటు ఉంది. భార్య బతికున్నప్పుడు మొదలైన అలవాటు. పలుచని ప్లాస్టిక్ రేకులు కోసి, ఆకురాయితో అరగదీసి, రేవులో తను చూసిన లాంచీలను, జనాన్నీ బళ్ళనూ ఏరు దాటించే పంట్లను అసలు కొలతకు నూరో వంతుగా చేస్తాడు. ఆయన గదిలో గోడకు కొట్టిన పొడవాటి చెక్క అర మీద అవన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి వరసగా నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. దుమ్ము కూడా ఆయనే తలుపు వేసుకుని మెత్తటి కుంచెతో దులుపుకుంటాడు.

టీ గ్లాసు అందించి వెళ్ళబోతున్న కూతురిని ఆయన ఆపాడు.

"అమ్మాయ్, ఆకుపచ్చ రంగు కావాలి. రెండు సీసాలు."

"రెండా? ఎప్పుడూ ఒక్కటే కదా నాన్నా తెచ్చుకుంటావు?"

"ఈసారి రెండు కావాలి."

ఎందుకో ఆమెకు కొంత తెలుసు. నిన్న సాయంత్రం రేవు ఆఫీసు గుమాస్తా వచ్చి వెళ్ళాడు. నాన్న పనిచేసిన పాత లాంచీని ఎప్పుడో విరగ్గొట్టి ఇనుముకు అమ్మేశారు. కొత్తగా కట్టిన ప్రయాణికుల హాల్లో దాని నమూనా ఒకటి పెట్టాలని ఇప్పుడు వాళ్ళకు తోచింది. "హాలు నట్టనడుమ గాజుపెట్టెలో పెడతాం కెప్టెన్‌గారూ. వచ్చేపోయే వాళ్ళు చుట్టూ తిరిగి చూస్తారు. మీ పేరు కూడా రాయిస్తాం. డబ్బులు మాత్రం అడక్కండి" అన్నాడు. ఆయన కెప్టెన్ కాదు, మెకానిక్. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. మొదట్లో సరిదిద్దేవాడు, తర్వాత మానేశాడు. ఆ లాంచీ నమూనా అప్పటికే ఆయన బల్ల మీద తయారై ఉంది. రంగు వేయడమే మిగిలింది.

"ఆ సీసా ఎంతుంటుంది? మా షాపులో ఇంజక్షన్ సీసా అంత. ఆ డబ్బుకు ఇంటిల్లిపాదికీ సరిపడా దగ్గుమందు వస్తుంది" అంది కూతురు.

"తాగితే దగ్గు కూడా తగ్గుతుందేమో, కనుక్కోకూడదూ?" అన్నాడు అల్లుడు చెప్పులు వేసుకుంటూ.

"నీకన్నీ వేళాకోళాలే" అని ఆమె కసిరింది.

మనవరాలు జడకు రిబ్బను కట్టుకుంటూ వచ్చి, తాతయ్య చెవి దగ్గర అరిచింది. "గోడ రంగు వెయ్యొచ్చుగా తాతయ్యా! మెట్ల కింద సగం డబ్బా ఉంది."

"అది ముద్దగా ఉంటుందే. మేకు తలలన్నీ పూడిపోతాయి. ఏనుగు దుప్పటి తెచ్చి ఎలుకకు కప్పినట్టుంటుంది" అన్నాడాయన. మనవరాలు నవ్వింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. కానీ అప్పటికే ఆ పిల్ల సంచీ తగిలించుకుని గుమ్మం దాటేసింది.

ఆ సాయంత్రం పని నుంచి వస్తూ కూతురు ఆ రంగులు అమ్మే బొమ్మల షాపులోకి వెళ్ళింది. సీసా మీద అంటించిన ధర చూసి, పాత చీటీ మీద కొత్త చీటీ అంటించారేమోనని గోటితో గీకి చూసింది. కింద నిజంగానే ఇంకో చీటీ ఉంది. దాని కింద మరొకటి.

"ఏం చెయ్యమంటారమ్మా? ఇది ఇక్కడ తయారయ్యే సరుకు కాదు. ఒకసారి ఓడ కిరాయి పెరిగిందంటారు, ఇంకోసారి గాజు పెరిగిందంటారు. పైగా సీసా చూడండి, ముందుకంటే చిక్కిపోయింది" అన్నాడు షాపతను. "మీ నాన్నగారు తరచూ వస్తుంటారు. ధర అడుగుతారు. సీసా ఎత్తి వెలుతురులో చూసి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేసి వెళ్ళిపోతారు."

ఆమె చివరి మాట సరిగ్గా వినలేదు. ఆమె కళ్ళు ఇంకా ఆ ధర మీదే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ముందు ఆమె ముఖం చూశాడు, తర్వాత చేతులు చూశాడు. చేతుల్లో ఏమీ లేదు.

"వెళ్ళాను నాన్నా. అంత పెట్టి ఒక్కటి కొనడమే దండగ. రెండేమిటి?"

"నా పింఛనులోంచే కదమ్మా."

పింఛను అందిన రోజే ఆయన దాన్ని కూతురి చేతిలో పెట్టేసేవాడు. నాది అన్న మాట ఆయన నోటి నుంచి వినడం ఆమెకు కొత్త. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. ఆ మాట ఆమెకు చురుక్కుమంది.

"నీ పింఛను, నా జీతం అని ఈ ఇంట్లో ఎప్పుడు పంచుకున్నాం? షాపులో నాకు పనిరోజులు తగ్గించి జీతం కోసేశారు. అద్దె పెంచారు. పిల్లకు బోర్డు మీద అక్షరాలు కనబడ్డం లేదట, కళ్ళజోడు మార్చాలి. అవన్నీ పక్కన పెట్టి రంగు కొనాలా? సరే, కొందాం. రెండెందుకో చెప్పు. ఇన్ని ఓడలు ఒక్కొక్క సీసాతోనే చేశావుగా. దీనికే రెండెందుకు?"

"ఇది... హాలు మధ్యలో పెట్టేది. చుట్టూ కనబడుతుంది" అన్నాడాయన.

"అయితే? మిగతావి కనబడవా?"

ఆయన చొక్కా అంచుకు అంటిన పాత రంగు మరకను వేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

"పోనీలే అత్తమ్మా, తర్వాత చూద్దాం" అని అల్లుడు ఆమెను బుజ్జగించబోయాడు. కోపం వస్తే ఆమె అచ్చం వాళ్ళమ్మలా ఉంటుందని ఆమెను అతను అలా ఆటపట్టిస్తుంటాడు. ఆ రోజు ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

"చెప్పడు! ఎప్పుడూ ఇంతే. తలుపు వేసుకుని కూర్చుంటాడు. మనం ముట్టుకుంటే అరిగిపోతాయన్నట్టు చూస్తాడు. అసలు వాటిని చూసేదెవరు నాన్నా? ఈ ఇంట్లో నీ ఓడల్ని చూసేవాళ్ళెవరు?"

ఎప్పుడూ ఏ మాటైనా ఆయనకు రెండోసారి చెప్పాల్సి వచ్చేది. ఈ మాట మొదటిసారే వినిపించింది.

"నిజమే" అన్నాడాయన. "ఎవరూ లేరు."

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు ఆయన రేవు దాకా నడిచి వెళ్ళి, లాంచీ ఇవ్వలేనని గుమాస్తాకు చెప్పి వచ్చాడు. ఆ విషయం కూడా ఇంట్లో ఆయన చెప్పలేదు. ప్రెస్సుకు వచ్చిన గుమాస్తా ద్వారా అల్లుడికి తెలిసింది. కూతురి మనసులో ముల్లు దిగినట్టయింది. కానీ తనే ముందు మాట్లాడాలంటే ఏదో అడ్డం వచ్చింది. ఆయన మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, కిటికీ పక్కన కూర్చున్నాడు. బల్ల మీద లాంచీ బూడిదరంగు ప్లాస్టిక్‌తో అలాగే ఉండిపోయింది.

ఆదివారం ఆమె ఇల్లు దులుపుతూ ఆయన గది దగ్గరికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో ఖాళీ అట్టపెట్టె పెట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు.

"అర కూడా దులుపుకోమ్మా. ఓడలన్నీ ఇందులో సర్దెయ్. పిల్ల పుస్తకాలకు అర పనికొస్తుంది."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు నాన్నా?"

ఆయనకు వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో తెలియదు. మెల్లగా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయాడు.

ఆమె అర ముందు నిలబడింది. ఎర్ర చారల పంటు ఒకటి చేతిలోకి తీసుకుంది. అది ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇన్నేళ్ళలో నాన్న ఓడను ఎత్తి పట్టుకోవడం అదే మొదటిసారి. కొంగుతో తుడుస్తూ అటు తిప్పింది.

అటువైపు రంగు లేదు.

ఉత్త ప్లాస్టిక్. పెన్సిలు గీతలు, జిగురు కారిన చారలు అలాగే ఉన్నాయి. ఇది పూర్తి చేయలేదేమో అనుకుని పక్కదాన్ని తీసింది. అదీ అంతే. దాని పక్కది కూడా అంతే. గది వైపు మెరిసే రంగు, గోడవైపు ఏమీ లేదు. ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ ఆమె అర చివరిదాకా వెళ్ళింది.

అర చివర మూలన ఉన్న తెల్ల లాంచీ ఒక్కటే వేరుగా ఉంది. దానికి రెండు పక్కలా రంగుంది. లోపల బల్లలకు ఉంది. తిరగేస్తే అడుగున కూడా ఉంది. అది అమ్మ ఉన్నప్పుడు చేసింది. అమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, "ఏదీ, ఇటు తిప్పు. లోపల వేశావా? అడుగున వేశావా?" అని తనిఖీ అధికారిలా అడిగేది. "మీ నాన్న ఇంజను మనిషే. ఎవరికీ కనబడని చోట పని చక్కగా చెయ్యడమే ఈయన ఉద్యోగం" అని మురిసిపోయేది.

బల్ల మీద రంగు సీసాలు బోర్లించి ఉన్నాయి. మిగిలిన చుక్క ఎండిపోకుండా మూతల చుట్టూ కొవ్వొత్తి మైనం పూసి ఉంది. సీసా ఎత్తి వెలుతురులో చూసి మళ్ళీ పెట్టేస్తారన్న షాపతని మాట ఆమె చెవిలో ఇప్పుడు వినబడింది. రెండు సీసాలెందుకో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడకు రెండు పక్కలుంటాయి.

ఆమె డాబా మీదికి పరుగెత్తింది. ఆయన పిట్టగోడ దగ్గర కూర్చుని ఎవరి ఇంటి మీదో ఆరేసిన బట్టల్ని చూస్తున్నాడు. వెనక నుంచి పిలిస్తే పలకలేదు. ఆమె పక్కనే కూర్చుని, చెవి దగ్గరగా నోరు పెట్టి అడిగింది.

"ఎప్పటి నుంచి నాన్నా, ఒక పక్కే వేస్తున్నావు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తప్పు చేసి దొరికిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

"ధర పెరిగినప్పటి నుంచి. మొదటిసారి పెరిగినప్పుడు అడుగున మానేశాను. అడుగు ఎవరు చూస్తారు? తర్వాత లోపల మానేశాను. ఆ తర్వాత ఇక గోడవైపు. మీ అమ్మయితే మొదటి రోజే పట్టేసుకునేది."

"మాకు చెప్పొచ్చుగా."

"సిగ్గేసిందమ్మా. సగం పని చేసి పూర్తయిందని పెట్టుకున్నాను కదా. మీరెవరైనా ఎత్తి చూస్తారేమోనన్న భయంతోనే ముట్టుకోవద్దన్నాను. పోను పోను, ఎవరైనా ఎత్తి చూస్తే బాగుండుననిపించేది."

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నన్ను తిట్టు నాన్నా. ఎవరు చూస్తారని అన్నాను నిన్ను. నేనే చూడలేదు" అంది. ఏడుపులో మాట నలిగిపోయింది. ఆయనకు సరిగ్గా వినబడలేదు. అయినా అర్థమైంది. రంగు వాసన పట్టిన చేత్తో ఆమె తల నిమిరాడు.

మర్నాడు సాయంత్రం ఆమె టీ గ్లాసులు ఆయన గదిలో పెట్టి, ఆయన్ను లోపలికి పిలిచి, ఆకుపచ్చ సీసా ఒకటి అరచేతిలో పెట్టింది.

"ఒక్కటే తేగలిగాను నాన్నా. ముందు ఒక పక్క వెయ్. పిల్ల కళ్ళజోడు అయ్యాక రెండోది. గుమాస్తాతో మాట్లాడాను. గాజుపెట్టె కూడా ఇంకా రాలేదట, ఆగుతానన్నాడు."

ఆయన సీసాను వెలుతురులోకి ఎత్తి చూశాడు. ఈసారి తిరిగి పెట్టేయక్కర్లేదు. చేయి దించుతుంటే చూపు అర మీద పడింది. అట్టపెట్టె మాయమైంది. ఓడలన్నీ మళ్ళీ వరసగా ఉన్నాయి. కానీ అన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. రంగు లేని పక్కలు, పెన్సిలు గీతలు, జిగురు చారలు అన్నీ గదిలోకి కనబడుతున్నాయి.

"ఇదేమిటే, వికారంగా! తిప్పెయ్" అన్నాడు కంగారుగా.

"అలాగే ఉండనీ. ఒక్కొక్కటే వేద్దువుగాని. అప్పటిదాకా ఇవే చూస్తాం" అంది కూతురు.

అంతలో మనవరాలు బల్ల మీది లాంచీని రెండు చేతులా ఎత్తింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, తలకిందులు చేసి అడుగు చూసింది. గుండ్రటి చిన్న కిటికీ ఒకటి కనబడితే దానికి కన్ను ఆనించింది.

"తాతయ్యా!" అని అరిచింది. "ఇందులోంచి ఎవరు చూసేవాళ్ళు?"

అది ఏమాత్రం అవసరం లేని ప్రశ్న. ఆయన స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"అదా? అది ఇంజను గది కిటికీ. అందులోంచి చూసేది నేనే" అని మొదలుపెట్టాడు.

టీ చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు.