రేడియో వదిన చెప్పబోయిన తుఫాను

వాతావరణ కేంద్రం నుంచి రోజూ సముద్రపు కబురు మోసుకొచ్చే ఆఫీసరు ఆ మధ్యాహ్నం రేడియో స్టేషన్ లిఫ్టులో శవమై కనిపించాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప మరో గాయం లేదు.

"నల్ల లంగరు ముఠా పని," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీదికి తోస్తూ. "మన రాకెట్ ఇంజినీరును ఎత్తుకుపోయిందీ వాళ్లే. ఈ సాయంత్రం అతన్ని సముద్రంలో విదేశీ సబ్‌మెరైన్ ఎక్కిస్తారు. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ నుంచి ఇంకో కబురు. రేడియో ప్రోగ్రాం మధ్యలో తననీ చంపేస్తారట. స్టూడియో తలుపు వదలకు, మిడతా."

మిడత అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఆ డబుల్ ఏజెంట్ అతనికి సొంత వదిన.

తీరమంతటికీ ఆమె రేడియో వదినే. గాలి, అల, చేపల ధర, జాలర్ల పిల్లల పుట్టినరోజులు, అన్నీ ఆమె గొంతులోనే వినాలి. ఆమె తిప్పమంటే పడవ తిప్పుతారు. తల్లి లేని మిడతకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి కూడా ఆమెదే. అన్న పరాయి దేశంలో అదే డ్యూటీకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా వదిన చెయ్యి ఆగలేదు.

బయల్దేరే ముందు మిడత దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. "నా సంగతి సరే, వదినను కాపాడు తండ్రీ."

ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనతో కారిడార్‌లో నిలబడితే, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, సెంటు ఘుమఘుమలతో ఆమె వచ్చింది.

"అలలు ఎలా ఉన్నాయి?" అన్నాడు కోడ్ ప్రకారం.

"ఉప్పగా ఉన్నాయి. ఈ కోడ్ కనిపెట్టినవాడి జీతం దండగ!" నవ్వి, అతని జేబులో పెన్ను సర్దింది. నొక్కితే మత్తు సూది విసిరే పెన్ను. "జాగ్రత్తరా," అని లోపలికెళ్లింది. ఎర్ర లైటు వెలిగింది.

కారిడార్ స్పీకర్లో ఆమె గొంతు తేనెలా కారుతోంది. పాట అయింది, చేపల ధరలు అయ్యాయి, మళ్లీ పాట. వింటూ వింటూ మిడత ఉలిక్కిపడ్డాడు. వదిన ఒక్కసారీ టైం చెప్పలేదు! లైవ్‌లో ఉన్న మనిషి మాటకు ముందు టైం చెప్పి తీరుతుంది. చెప్పలేదంటే అది రికార్డింగే.

తలుపు తోశాడు. కుర్చీ ఖాళీ. టేపు తిరుగుతోంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

టేపు ముందే సిద్ధం చేసిందంటే తనంతట తానే వెళ్లింది. తనను ఇక్కడ కట్టేసి ఎక్కడికెళ్లింది? రేడియో మనిషి వెళ్తే మైకు దగ్గరికే వెళ్తుంది. ఎవరి అనుమతీ లేకుండా నేరుగా మాట్లాడే ఎమర్జెన్సీ మైకు ఒక్కచోటే ఉంది. ఊరి చివర, ట్రాన్స్‌మిటర్ గదిలో.

బైకు దిగి గదిలోకి దూకేసరికి ఆమె మైకు ముందు కూర్చుని ఉంది. ఒళ్లో పిస్తోలు.

"వచ్చావా? నీకు చిన్నప్పుడు చెవులు మెలేసి మరీ రేడియో పని నేర్పాను. నాదే పొరపాటు."

పెన్ను నొక్కాడు. సిరా చుక్క రాలింది.

"సూది పొద్దున్నే తీసేశాను నాన్నా. మత్తు బదులు విషం నింపాను. లిఫ్టులో అవసరం పడింది."

"ఎందుకు వదినా?"

"తుఫాను లేదని ఆ ఆఫీసరుకు తెలుసు. ఉందని నేను చెప్పాలి. పడవలన్నీ ఒడ్డుకొస్తే సముద్రంలో చూసేవాడుండడు."

"అదికాదు. నువ్వెందుకు?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "మీ అన్న శవాన్నైనా తెచ్చాడా నీ చీఫ్? ఆ మనిషెవరో మాకు తెలియదన్నాడు. నన్ను అమ్మింది వాళ్లు. నన్ను కొనుక్కున్నవాళ్ల దగ్గరికి నేనెళ్లాను."

ఇది మిడతకెవరూ చెప్పలేదు. ఎటు తిరిగినా వెన్నుపోటేనా?

"చీఫ్‌ని నేను నిలదీస్తాను. పడవలవాళ్లు ఏం పాపం చేశారు? ఇవాళ అబద్ధం చెబితే రేపు నిజం తుఫానుకు ఎవడు పడవ తిప్పుతాడు?"

అతని చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్లింది.

"ఆపెయ్," అని నవ్వింది. "రేడియో మూగబోయినా తుఫానే అనుకుని వచ్చేస్తారు."

మైకు నొక్కింది. "ప్రత్యేక హెచ్చరిక..."

మిడత దూకాడు. తూటా చెవి అంచు కోసుకుంటూ పోయింది. పావురం కంటిని గురిచూసి కొట్టగల చెయ్యి ఆమెది. గురి తప్పిందో, తానే తప్పించిందో దేవుడికే తెలియాలి.

అతను పిస్తోలు తన్నేసి మైకు లాక్కున్నాడు. ఏం చెబితే నమ్ముతారు? తన గొంతు ఎవరికి తెలుసు?

"నేను... వదిన మరిదిని. మిఠాయి అనుకుని సబ్బు కొరికినవాణ్ని. వదిన మీకు ఎన్నోసార్లు చెప్పింది కదా, ఆ మరిదిని. తుఫాను లేదు. ఎవరూ వెనక్కి రావద్దు. దీపాలు వెలిగించండి. నీళ్లలోంచి నల్లగా ఏది లేచినా చుట్టుముట్టి కేకలెయ్యండి."

సబ్‌మెరైన్ లేచేసరికి చుట్టూ వందల దీపాలు. బెదిరి, లేచినంత వేగంగా మునిగిపోయింది. ముఠావాళ్లు వదిలేసి పారిపోయిన రబ్బరు పడవలో చేతులు కట్టేసి ఉన్న ఇంజినీరును జాలర్లే విప్పి ఒడ్డుకు తెచ్చారు.

పోలీసుల వెంట బేడీలతో వెళుతూ వదిన వాకిట్లో ఆగింది. "చెవికి మందు రాసుకో. సెప్టిక్ అవుతుంది."

ఆ మాటకు మిడతకు ఏడుపొచ్చింది. తూటాకు రాలేదు.

ఫోను మోగింది. ఎవరో ముసలి జాలరి. "వదినమ్మ గొంతు మధ్యలో ఆగిపోయింది, ఒంట్లో బాగానే ఉందా బాబూ?"

మిడత ఫోను రెండో చెవికి మార్చాడు. "బాగానే ఉంది తాతా. ఊరెళ్లింది."

ఒక్క అబద్ధాన్ని ఆపడానికి చెవి ఇచ్చుకున్న మనిషి, ఈ అబద్ధానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.