హెడ్‌సెట్‌లో సైరన్

జమ్మికుంట పత్తి మార్కెట్ వెనుక అద్దెగదిలో కొమురెల్లిని కంప్యూటర్ ముందే కాల్చేశారు. హెడ్‌సెట్ చెవులకే ఉంది. తెర మీద గేమ్ ఇంకా నడుస్తూనే ఉంది.

"గాయన జాడ మన ఆఫీసుల నాకు, నీకే ఎరుక," కరీంనగర్‌లో చీఫ్ శ్యామల బ్రీఫింగ్ మొదలుపెట్టింది. "మూడోది గా కంప్యూటర్. దాంట్ల ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆయన లొకేషన్ పంపింది. బ్రోకర్ ఎవడో కొన్నడు, వాని దగ్గర దుబాయ్ ముఠా కొన్నది."

ఏజెంట్ విజయేందర్‌కు ఒళ్లు మండింది. గోడ దూకి వచ్చిన దొంగనైతే పట్టుకోవచ్చు. మనమే కొనితెచ్చి, కొబ్బరికాయ కొట్టి, 'ఐ అగ్రీ' నొక్కి కూర్చోబెట్టుకున్న దొంగను ఏం చేస్తాం?

గల్ఫ్‌కు పోయే కూలీల పాస్‌పోర్టులు, వేలిముద్రలు విదేశీ గూఢచారులకు అమ్మే ముఠా అది. దాని దుబాయ్ ఆఫీసులో పనిచేసి పారిపోయి వచ్చిన సాక్షులు ఇద్దరు. కొమురెల్లి పోయాడు. మిగిలింది సంపత్. సోమవారం కోర్టులో అతను నోరు విప్పితేనే కేసు నిలుస్తుంది.

విజయేందర్ అతణ్ని తాను పుట్టి పెరిగిన బొగ్గుగనుల కాలనీకి తెచ్చాడు. ఖాళీ క్వార్టర్లలో ఒకదాంట్లో దాచాడు.

"గేమ్ లేకుంటే నాకు పిస లేస్తది సార్," అన్నాడు సంపత్.

విజయేందర్ కంప్యూటర్‌లో ఎవరికీ కబుర్లు పంపని లైనక్స్ సిస్టమ్ వేసి ఇచ్చాడు. అన్ని గేములూ ఆడాయి, సంపత్‌కు కావలసిన ఒక్కటి తప్ప. దొంగాట పట్టే కాపలా ప్రోగ్రామ్ ఉందట దాంట్లో. అది ఆ నిఘా సిస్టమ్ మీదే నడుస్తుందట.

"పాపం, ఆడుకోనియ్ విజయ్," ఫోన్‌లో భూమిక గొంతు. "గా సిస్టమ్‌కు వేరే డిస్క్ పెట్టు. నేను కూడా సంపత్ గేమ్ టీంల చేరుతా. కొత్తోళ్లు ఎవరన్న తగిలితే చెప్త."

భూమిక ముఠాలో మన మనిషి. హైదరాబాద్ పిల్ల. నల్లకళ్లద్దాలు తీసి చూసిందంటే ఎంతటి ఏజెంటూ కాలర్ సర్దుకోవలసిందే. విజయేందర్ ఫోన్‌లోనే సర్దుకునేవాడు.

వేరే డిస్క్. ఆన్‌లైన్ అకౌంట్ లేదు. లొకేషన్ బంద్. సిస్టమ్ చాడీలు మోసే దారులన్నీ రౌటర్‌లోనే మూసేశాడు. మిగతాదంతా వీపీఎన్ మీదుగా సింగపూర్ తిరిగి పోతుంది. ఊరి పేరు భూమికకు కూడా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. భూమిక.

"పత్తి తడిసిందా?"

"ఆరబెట్టినం." కోడ్ సరిపోయింది.

"ఇయ్యాల బాంబులు జర జల్ది పేల్చిన్రు?"

"లే, గీ బొగ్గుబాయి మీద రోజూ షిఫ్ట్ మారంగనే పేలుస్తరు," అనేసి పెట్టేశాడు.

అన్నంలో చేయి పెట్టాక ముద్ద ఆగిపోయింది. బ్లాస్టింగ్ సంగతి ఆమెకెట్లా తెలుసు?

సంపత్ మైకు తెరిచే ఆడుతున్నాడు. ఓపెన్‌కాస్ట్ గని సైరన్, ఆ వెనుక పేలుడు, రోజూ ఆమె చెవిలో పడ్డాయి. కాలనీలో పెరిగినవాడికి ఆ చప్పుడు చప్పుడే కాదు, అందుకే విజయేందర్‌కు తట్టలేదు. గనులు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి పేల్చే వేళ ఒకటి. ఏ గనో ఆమెకు ఇప్పుడు తనే విప్పి చెప్పాడు! మిషన్లను తిట్టుకుంటూ కూర్చున్నాడు ఇన్నాళ్లు, అసలు చిల్లు తన నోటికే ఉంది.

"భూమిక వాళ్ల దిక్కే ఉన్నది మేడం. రేపు పొద్దుగాల్ల కోర్టుకు బయలుదేరేదాక ఆగరు," అన్నాడు శ్యామలతో. "ఇయ్యాల రెండో షిఫ్ట్‌ల, పొద్దుగూకకముందు, ఇంకో బ్లాస్టింగ్ ఉన్నది. సైరన్ మోగితే అద్దాలు పగులకుండ కాలనీ అంతా కిటికీలు తెరుస్తరు. పేలుడుల తుపాకి చప్పుడు కలిసిపోతది."

"జాగ మార్చు."

"మారిస్తే ఇంకో దిక్కు దొరుకుతడు మేడం. గీడనే పట్టుకుందాం."

సంపత్‌ను పక్క క్వార్టర్‌కు పంపి, అతని టోపీ చొక్కా తొడుక్కుని, హెడ్‌సెట్ పెట్టుకుని కిటికీకి వీపు చేసి కూర్చున్నాడు. ఆ ఖాళీ క్వార్టర్లలో తెర వెలిగేది అదొక్కటే. ఎదురు వరసలో అన్నీ ఖాళీ ఇళ్లే. తుపాకి ఎందులో దాక్కున్నదో ఎవరికి తెలుసు? స్తంభానికి బటన్ కెమెరా, దాని బొమ్మ అతని ముందున్న తెర మీద. మూలమీద ఎస్సై నవీన. గని దగ్గర ఎర్రజెండా పట్టుకునే ముత్తయ్యకు ఒకటే మాట చెప్పించారు. గని అధికారి ఒప్పుకున్నాడు.

సైరన్ మోగింది. వరసగా కిటికీలు తెరుచుకున్నాయి. విజయేందర్ కూడా తెరిచి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. వీపంతా చెమట. భయమేసింది, బాగా భయమేసింది.

పేలుడు రాలేదు.

ఎదురింట్లో ట్రిగ్గర్ మీది వేలు ఎదురుచూసింది. ఇంకా రాలేదు. విసుగెత్తి ఒక తల కిటికీలోంచి గని వైపు తొంగిచూసింది. నల్లకళ్లద్దాలు.

"నాలుగో ఇల్లు!" అన్నాడు విజయేందర్ మైకులో. నవీన తలుపు తన్నింది. గుండు సున్నపు గోడలో దిగింది, అతని చెవికి బెత్తెడు పైన.

బేడీలతో వచ్చిన భూమిక ముఖంలో సిగ్గు లేదు.

"ఇంట్ల చెవులు నేను పెట్టలే విజయ్. మీరే కొనుక్కొచ్చి పెట్టుకున్నరు. నేను ఉత్తగ విన్న."

గుండు కన్నా ఆ మాటే ఎక్కువ కాలింది.

లోపలికి వచ్చిన సంపత్ తెర చూపించాడు. మీ అనుభవం మాతో పంచుకుంటారా అని సిస్టమ్ అడుగుతోంది. 'ఇప్పుడే', 'తర్వాత'. వద్దనే బటన్ లేదు.

"ఏం నొక్కాలె సార్?"

విజయేందర్ ప్లగ్ పీకేశాడు. అప్పుడు, ఆలస్యంగా, గనిలో మందు పేలింది. కిటికీలు గడగడలాడాయి. కాలనీలో ఉలిక్కిపడింది భూమిక ఒక్కతే.