గుర్వమ్మ మెడలో రెండో బిళ్ల

"నిరోష తిరిగి రాకపోయినా ఫర్వాలేదు. నాణెం రావాలి," అన్నాడు చీఫ్, బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

ఏజెంట్ ప్రవీణ్ తలూపాడు. నిరోష అతని భార్య. ఏజెంట్లు పెండ్లాడొద్దని రూలు. కాబట్టి ఆ సంగతి చీఫ్‌కు తెలిసినా తెలియనట్టే.

మార్కస్ అనే విదేశీయుడి ముఠా చౌటుప్పల్ ఫ్యాక్టరీలో ఒక టీకా ఫార్ములాను కొట్టేసింది. దాన్ని మైక్రోచిప్‌లోకెక్కించి, ప్రాచీన గ్రీకు వెండి నాణెం వెనక అతికించి, నాణేన్ని కొత్త ఫ్యాషన్ లాకెట్‌లో పొదిగింది. హైవే పక్క ఫామ్‌హౌస్‌లో నగల ప్రదర్శన. లాకెట్ కొన్నవాడు సాయంత్రమే విమానమెక్కుతాడు. దాన్ని మెడలో వేసుకుని తిరిగే మోడల్ నిరోష. ఆమె తన మనిషేనని మార్కస్ నమ్మకం.

ప్రవీణ్ క్యాటరింగ్ వ్యాన్ డ్రైవర్ వేషంలో దిగాడు. మెరిసే గౌనులో నిరోష వంటల దగ్గరికొచ్చి, పప్పులో ఉప్పు తక్కువైందన్నది. అది కోడ్. మార్కస్‌కు అనుమానం వచ్చిందని అర్థం.

అతని వ్యాన్‌లోనే వచ్చిన వంటామె గుర్వమ్మ మెడలో నల్లదారానికి వెండి బిళ్ల, దాని మీద ఆడమనిషి ముఖం. చనిపోయిన మొదటి భార్య పేరున రెండో భార్య వేసుకునే సవతమ్మ బిళ్ల అది. నిరోష లాకెట్‌లోంచి నాణేన్ని కొక్కెంతో సహా ఊడదీసి, గ్రీకు దేవత ముఖం పైకుండేలా ఆ దారానికే తగిలించింది.

"అక్కా, ఇయ్యాల ఒక్కపూట గీమెను గూడ మొయ్యి."

గుర్వమ్మను ఎక్కించుకుని వ్యాన్ గేటు చేరేసరికి లోపల కేకలు. మార్కస్ ఖాళీ లాకెట్ చూశాడు. కాపలాదారు ఎల్లయ్య డిటెక్టర్ గుర్వమ్మ మెడ దగ్గర కూసింది. అతని చెయ్యి దారం దాకా వచ్చి ఆగింది.

"ఇద్దరు సవతులా అక్కా?"

"మా ఆయన నసీబు గట్లుంది. ముట్టకు."

ఎల్లయ్య ఆ చేతినే కండ్లకద్దుకుని గేటు తీశాడు.

వెనక తుపాకీ పేలింది. ఒక్కసారే. ప్రవీణ్ కాలు బ్రేకు మీదికి పోయింది. మళ్లీ యాక్సిలరేటర్ మీదికే వచ్చింది.

మార్కస్ ముఠా ఆ సాయంత్రమే దొరికింది. మన వైపు నష్టం ఏమీ లేదని చీఫ్ రిపోర్టు రాశాడు. చనిపోయిన ఏజెంటు ఆనవాళ్లు మిగలొద్దనే రూల్ ప్రకారం నిరోష ఫొటోలన్నీ తగలబెట్టించాడు.

కొన్నాళ్లకు ఆయనే ప్రవీణ్ భుజం తట్టాడు. "ఒక్కడివే ఎన్నాళ్లయ్యా? పెండ్లి చేసుకోరాదూ?"

"చేసుకుంట సార్. వచ్చేటామెకు బిళ్ల చేయించాలె. ముఖం చెక్కనీకి ఫొటో ఇప్పియ్యున్రి."

ఎవరి ఫొటో అని చీఫ్ అడగలేదు. రెండో బిస్కెట్ తీసుకున్నాడు.