రెండో మెరుపు

ఆ వీధి మలుపులో మూతబడ్డ సైకిళ్ళ కొట్టు ఒకటి ఉంది. దాని పైన ఒక గది. ఆ గది కిటికీ వైపు రాత్రిపూట ఎవరూ తలెత్తి చూడరు.

చూస్తే ఏమవుతుందయ్యా అని అడిగితే ఒక్కడూ తిన్నగా చెప్పడు. ఒకడు జ్వరమొస్తుందంటాడు, ఇంకొకడు మాట పడిపోతుందంటాడు. అలా మాట పడిపోయినవాణ్ణి నేనైతే చూళ్ళేదు. పడిపోతే బాగుండుననిపించేవాళ్ళు మాత్రం మా చుట్టుపక్కల బోలెడంతమంది ఉన్నారు.

అయితే అందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది.

గది చీకటిగా ఉంటుంది... ఉన్నట్టుండి లోపల ఒక మెరుపు. ఆ వెలుగులో ఎడమవైపు కుర్చీలో ఒక ఆడమనిషి, తెల్లబట్టల్లో. మళ్ళీ చీకటి. కాసేపు ఏమీ ఉండదు. అంతలో ఇంకో మెరుపు... ఈసారి కుడివైపు కుర్చీలో ఆడమనిషి, నీలం బట్టల్లో.

మొహం మాత్రం — అదే మొహం.

మెరుపు మెరిస్తే ఉరుమన్నా ఉరమాలి కదా? అదీ ఉండదు. చిన్న చప్పుడు కూడా ఉండదంటారు.

నేను హైవే పక్కన లారీలకి పంక్చర్లు వేసుకునేవాణ్ణి. టైరు ఊడదీసి పెట్టాక డ్రైవర్లకి వేరే పని ఉండదు, కబుర్లు మొదలెడతారు. వాటిలో సగం యజమానుల మీద తిట్లు, మిగతా సగం దెయ్యాలు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాను. ఇది మాత్రం వదల్లేకపోయాను. ఎందుకంటే ఇది చెప్పినవాడికి అబద్ధమాడటం చేతకాదు.

వాణ్ణి మేమంతా ‘నిదానం’ అని పిలుస్తాం. అంత మెల్లగా నడుపుతాడు లారీ. వెనకాల సైకిలువాడు కూడా బెల్లు కొట్టి దారి అడుగుతాడని ఏడిపించేవాళ్ళం. వాడు నవ్వేసేవాడు. "ఇంటిదగ్గర మనిషుందన్నా. కాళ్ళూ చేతులూ ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్ళి అప్పజెప్పాలి" అనేవాడు.

ఆ మనిషే పోయింది.

రాత్రి పడుకున్నది పొద్దున లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. అప్పుడు వీడు సరుకుతో ఎక్కడో కొండదారిలో ఉన్నాడు, ఫోనుకి సిగ్నలు లేదు. కబురు తెలిశాక పుట్టి బుద్ధెరిగి మొదటిసారి బండి వేగంగా నడిపాడు. అయినా చేరేసరికి అంతా అయిపోయింది.

చివరి చూపు దక్కలేదు.

వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట చెప్పారు — ఎంత ప్రశాంతంగా ఉందో, అచ్చం నిద్రపోతున్నట్టే ఉందని. వీడు తల వంచుకుని విన్నాడు. చిట్టచివరికి తలెత్తి, "నిద్రపోతున్నట్టుంటే మరి లేపలేకపోయారా?" అని అడిగాడట.

అప్పట్నించీ వాడికి లారీయే ఇల్లయింది. క్యాబిన్లోనే తిండి, క్యాబిన్లోనే నిద్ర. అయినవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడు. నా దగ్గరికొచ్చి పాత టైరు మీద కూర్చుని ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు.

"ఒక్కసారి కళ్ళారా చూసుంటే నమ్మేవాణ్ణన్నా. చూళ్ళేదుగా. నాకింకా అది ఇంట్లో ఉన్నట్టే ఉంది. నేనే ఆలస్యంగా వెళ్తున్నట్టుంది."

ఏం చెప్పను? ట్యూబుకైతే అతుకేస్తాను. "టీ తాగు" అన్నాను.

వాడి భార్యకో చెల్లెలుంది, మందుల షాపులో పని చేస్తుంది. ఇద్దరూ కవలలు. పక్కపక్కన నిలబడితే కన్నతల్లి కూడా తడబడేదట. వీడు మాత్రం ఒక్కసారీ పొరబడలేదు. ఎలా గుర్తుపడతావురా అంటే, "మొహం చూస్తే తెలీదా?" అనేవాడు, అడిగినవాడికే బుద్ధి లేనట్టు.

ఆ చెల్లెలికి ఒక సరదా. రోజుకొక ఫోటో... తన ఫోటో తనే తీసుకోవడం. పాతకాలం రీలు కెమెరాని స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, పరిగెత్తుకెళ్ళి ఎదురుగా కుర్చీలో కూర్చునేది. ఏ రోజూ మానేది కాదు. అక్క ఊరుకుంటుందా? "నిన్నటి మొహమేగా, ఇవాళ కొత్తగా ఏమన్నా మొలిచిందా?" అని ఆటపట్టించేది.

"పొద్దస్తమానం కౌంటరు వెనక నిలబడతాను. వచ్చినవాళ్ళు మందులిచ్చే నా చేతులే చూస్తారు. నా మొహాన్ని రోజుకి ఒక్కరైనా చూడొద్దా?" అనేది చెల్లెలు.

ఆ మాటకి అక్క పగలబడి నవ్వి, సరిగ్గా టైమరు అయిపోయే వేళకి పక్క కుర్చీలో దూరి కూర్చునేదట. ఫోటో పాడైందని చెల్లెలు అలిగేది. ఇదంతా నిదానం నాకు చెప్పిందే.

ఇక ఆ రాత్రి సంగతి.

సరుకు దించడానికి వాడు ఆ కిటికీ ఉన్న ఊరు వెళ్ళాడు. గోడౌను తాళాలు ఉన్నవాడు భోజనానికి పోయాడు. ఊరికే కూర్చోలేక టీ కోసం వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర టీకొట్టాయన అప్పుడే కొట్టు కట్టేస్తున్నాడు.

"టీ లేదు. ఇటునుంచి పోతే తల దించుకుని పో బాబూ... ఆ కిటికీ వంక చూడకు" అన్నాడట, గొంతు తగ్గించి.

చూడొద్దన్నాక చూడకుండా పోయే మనిషి ఇంకా పుట్టలేదు. ఎదురు కొట్టు మెట్లెక్కి నిలబడి, వాడు సరాసరి ఆ కిటికీలోకే చూశాడు.

చీకటి.

కిటికీకి తెర లేదు. అద్దం మీద వీధిదీపం కొంచెం మెరుస్తోంది. దూరంగా ఎవరో షట్టరు దించారు...

అప్పుడొచ్చింది — మెరుపు.

ఎడమవైపు కుర్చీ. తెల్లకోటు. మొహం స్పష్టంగా కనిపించింది.

వాడి గుండె జారిపోయింది. మరుక్షణంలోనే కుదుటపడింది. మరదలు! ఒంటిమీద ఉన్నది మందుల షాపు కోటు. మకాం ఎప్పుడు మార్చిందో, ఆ గదిలోకి ఎప్పుడొచ్చిందో వీడికి తెలీదు. ఫోనెత్తితేగా తెలిసేది! వీధంతా హడలిపోతున్న దెయ్యం ఈ ఫోటోల పిచ్చిదేనని నవ్వొచ్చింది. పిలుద్దామని నోరు తెరిచాడు. కానీ ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? ఇన్నాళ్ళూ ఒక్కసారి పలకరించలేదు. వెళ్ళాలా వద్దా అని అక్కడే నిలబడి గుంజాటన పడ్డాడు.

గది మళ్ళీ చీకటైపోయింది. కాసేపు గడిచింది... ఇంకాసేపు...

రెండో మెరుపు.

కుడివైపు కుర్చీ. నీలం స్వెటరు. కొండదారి నుంచి వాడే కొని తెచ్చిన స్వెటరు — పెద్దదైందని సణుగుతూనే చలికాలమంతా విప్పకుండా వేసుకున్నదే. వాడి చూపు స్వెటరు మీద పడింది. భుజం మీదికి పాకింది... మెడ దాకా...

వాడు కళ్ళు మూసుకున్నాడు.

ఘాట్ రోడ్డులో బ్రేకులు పట్టకపోయినా కళ్ళు తెరిచి స్టీరింగు తిప్పినవాడు. వాడు ఆ మెట్ల మీద కూలబడి, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వణికాడు.

"భయమేసిందా?" అని అడిగాను.

"భయం కాదన్నా... చూస్తే నిజమైపోతుంది. పోయిందని తేలిపోతుంది."

అలా ఎంతసేపున్నాడో వాడికే తెలీదు. పక్క సందులోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. దగ్గరకొచ్చింది... ఆగింది. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"బావా?"

తువ్వాలు తీశాడు. తెల్లకోటులో మరదలు, చేతిలో పర్సు.

"నువ్వేనా బావా? ఇక్కడ కూర్చున్నావేం? ఎన్నిసార్లు ఫోన్ చేశాను... ఒక్కసారైనా ఎత్తాలనిపించలేదా?"

ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుని లేపి, సందులోంచి వెనక మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళింది. తాళం తీసి లైటు వేసింది.

ఒక గోడకి నల్లగుడ్డ కట్టి ఉంది. దాని ముందు రెండు కుర్చీలు. కుడివైపు కుర్చీ వీపున నీలం స్వెటరు వేలాడుతోంది. కిటికీ దగ్గర స్టాండు, దాని మీద కెమెరా. మిగతా గోడల నిండా ఫోటోలు... పైనుంచి కింది దాకా.

ప్రతి ఫోటోలోనూ ఇద్దరు. అక్కా చెల్లెలూ, పక్కపక్కన.

వాడు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"భయపడకు బావా, అన్నీ నేనే. ముందు నా కోటుతో ఆ కుర్చీలో కూర్చుంటాను, ఫ్లాషు వెలుగుతుంది. అప్పుడు రీలు తిప్పను. దాని స్వెటరు తొడుక్కుని ఈ కుర్చీలో కూర్చుని మళ్ళీ తీస్తాను. రెండూ ఒకే ఫోటోలో పడతాయి. అందుకే చీకట్లో తీసేది."

"ఎందుకమ్మా ఇదంతా?"

ఆ పిల్ల నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"అది పోయాక కూడా రోజూ తీసుకున్నాను బావా. పక్క కుర్చీ ఖాళీగా వచ్చేది. ఒకరోజు చలేసి దాని స్వెటరు వేసుకున్నాను. ఫోటో కడిగించి చూస్తే... అక్క."

వాడు ఒక్కో ఫోటో చూస్తూ పోయాడు. ఒకచోట ఆగాడు. ఆ ఫోటోలో ‘అక్క’ పాపిట్లో ఒక తెల్లవెంట్రుక ఉంది. వాడు తన భార్య తలలో తెల్లవెంట్రుక ఎన్నడూ ఎరగడు. దాని మీద వేలు పెట్టి మరదలి వంక చూశాడు.

"నాకొచ్చింది, దానికీ వచ్చింది. నేనొక్కదాన్నే పెద్దదాన్నైపోతుంటే అది అక్కడే ఆగిపోతే ఎలా బావా? రేపెప్పుడో నాకు చెల్లెలైపోదూ?"

అప్పుడు ఏడ్చాడు నిదానం. కబురు తెలిసిన రోజు ఏడవనివాడు, లారీ స్టీరింగు తప్ప ఏదీ పట్టుకోకుండా తిరిగినవాడు, ఆ నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పిల్లా పక్కనే కూర్చుంది. ఇద్దరూ కలిసి ఏడవాల్సిన ఏడుపు, ఇన్నాళ్ళూ విడివిడిగా దాచుకున్నది, అక్కడ తీరింది.

కాస్త తేరుకున్నాక వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గుండె తేలికైంది. బాధ పోలేదు గానీ దానికి ఒక రూపం వచ్చినట్టైంది. కొంచెం నవ్వాడు కూడా.

"మీ వీధివీధంతా నీకు దడుస్తోందమ్మా. ఆ టీకొట్టాయనైతే మరీనూ."

"నన్ను చూసా? అయ్యో రామా!"

"నాకేం... మొదట నిన్ను చూడగానే గుర్తుపట్టాను. రెండోసారే ప్రాణం పోయినంత పనైంది. ఆ స్వెటరు కనబడేసరికి..."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

"రెండోసారేంటి బావా?"

"అదే... రెండో మెరుపు. నువ్వు స్వెటరు వేసుకుని ఇటు కూర్చున్నప్పుడు."

"ఇవాళ రెండోది తియ్యలేదు."

"నేను చూశానమ్మా."

"లేదు బావా..." గొంతు బాగా తగ్గిపోయింది. "ఒక్కసారి వెలిగి ఫ్లాషు ఆరిపోయింది. బ్యాటరీలు అయిపోయాయి. కొనుక్కొద్దామని వెంటనే తాళం వేసి దిగాను. కింద తెలిసినావిడ ఆపితే ఆ సందులోనే కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణించి ఇటు వస్తుంటేనే నువ్వు కనిపించావు."

లేచి స్టాండు దగ్గరికెళ్ళి మీట నొక్కింది.

ఏమీ వెలగలేదు. మళ్ళీ నొక్కింది... మళ్ళీ...

ఇద్దరూ కుడివైపు కుర్చీ వంక చూశారు. ఖాళీగా ఉంది. బయట ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్న చప్పుడు. అదీ మెల్లగా దూరమైపోయింది.

ఆ పిల్ల భయపడలేదు. అక్క మొహాన్ని ఇన్నాళ్ళూ తన మొహంలోనే వెతుక్కున్న పిల్ల. వచ్చి బావ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఎలా ఉంది బావా?" గుసగుసగా అడిగింది. "చిక్కిపోయిందా? నవ్విందా? చెప్పు బావా... అక్క మొహం ఎలా ఉంది?"

నిదానం ఆ ఖాళీ కుర్చీ వైపే చూశాడు.

"చూళ్ళేదమ్మా" అన్నాడు. "కళ్ళు మూసుకున్నాను."