చదవకుండా పెట్టిన సంతకం

ప్రియాంక పోయిన పదమూడో రోజున బందరు నుంచి ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు సగం తాగి, గ్లాసు కింద పెట్టాడు. కృత్తివెన్నుకు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ పాలెంలో వాళ్ళదొక చిన్న డాబా. అన్నదమ్ములు వెంకటపతి, వాసు ఒకే బోటు మీద వేటకు వెళ్తారు. వాళ్ళ భార్యలు కనకరత్నం, ఉమాదేవి. అందరికీ ఒకటే వంటిల్లు. ఆ పూట ఇంటిల్లిపాదీ ఆఫీసరు చుట్టూ నిలబడ్డారు. ఒక్క కనకరత్నమే గుమ్మానికి చేరగిలబడి కూర్చుంది. కూతురు పోయినప్పటి నుంచి ఆమె ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటోంది.

"ఆ దారిలో పసిపిల్లల్ని ఎలా నడిపించారు సార్? రెండున్నర కిలోమీటర్లు రొయ్యల చెరువుల గట్ల మీద..." అని వెంకటపతి అడిగాడు.

ఆఫీసరు ఫైలు తిరగేసి ఒక జిరాక్సు కాగితం తీశాడు. "మీ బాధ నాకు అర్థమవుతుంది బాబూ. కాని మీ తల్లిదండ్రుల కమిటీయే రాసిచ్చింది కదా. వినండి. 'మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను హైస్కూలుకు పంపడానికి తల్లిదండ్రులకు అభ్యంతరం లేదు. హైస్కూలుకు వెళ్ళే దారి పిల్లలు నడవడానికి అనువుగా ఉంది.' కింద ఛైర్మన్ సంతకం. కె. ఉమాదేవి." ఆయన తలెత్తాడు. "ఎవరమ్మా ఉమాదేవి?"

అత్తగారు వెంకటరత్నమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాసు భార్య వైపు చూసి తల దించుకున్నాడు. ఆ కాగితం ఉమాదేవికి గుర్తుంది... దాని మీద ఏముందో మాత్రం ఇప్పుడే మొదటిసారి వింది.

ఉమాదేవి ఆ పాలెం బడిలోనే అయిదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత తల్లి వెంట చేపల గంపకు వెళ్ళింది. అక్షరాలు మర్చిపోలేదు గాని, కూడబలుక్కుంటే తప్ప చదవలేదు. ఆ మాత్రం వచ్చినవాళ్ళు కూడా ఆడవాళ్ళలో తక్కువే కాబట్టి రెండేళ్ళ కింద అందరూ కలిసి ఆమెను బడి కమిటీకి ఛైర్మన్ని చేశారు. ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది. "మా చెల్లి ఛైర్మను" అని కనకరత్నం వీధంతా చెప్పుకుంది. తోడికోడలే అయినా ఉమను ఆమె ఎప్పుడూ చెల్లీ అనే పిలిచేది. ఉమ తెల్లవారకుండా రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్తే, ఉమ కూతురు హారికకు తల దువ్వి, అన్నం పెట్టి, బడికి పంపింది కనకరత్నమే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన తన ప్రియాంకకూ, హారికకూ ఒకే కంచంలో కలిపి తినిపించేది.

కిందటి ఏప్రిల్లో హెడ్మాస్టరు భీమశంకరంగారు మీటింగు పెట్టారు. వచ్చింది ఆరుగురు. పెద్దబడిలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు ఉంటారనీ, ఇక్కడ తనొక్కడే అయిదు తరగతులు చెప్పలేకపోతున్నాననీ ఆయన చెప్పారు. దారి మాట ఎత్తలేదు. తర్వాత టైపు చేసి ఉన్న కాగితం తీసి, "మీటింగు జరిగినట్టు రాసుకోవాలమ్మా, సంతకం పెట్టండి" అని పెన్ను ఇచ్చారు. బయట మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళే షెడ్డు ఆటో ఆగి ఉంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. కాగితం నిండా చిన్న అక్షరాలు. చదవాలంటే ఒక్కొక్క అక్షరం పెదాలు కదుపుతూ కూడబలుక్కోవాలి. పక్కన అయిదుగురు ఆడవాళ్ళు, ఎదురుగా మాస్టారు. ఛైర్మనై ఉండి, చంటిపిల్లలా చదువుతోందని నవ్వుతారేమోనని ఆమెకు సిగ్గేసింది. పై రెండు మాటలు చదివినట్టు చూపు నడిపించి, సంతకం పెట్టేసింది. అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

జూన్లో బళ్ళు తెరిచేసరికి మూడో తరగతి నుంచి అందరూ పెద్దబడికి వెళ్ళాలన్నారు. రోడ్డు మీద నుంచైతే చుట్టూ తిరిగి అయిదు కిలోమీటర్లు, లారీలు. అందుకని పిల్లలు చెరువు గట్లు పట్టారు. ప్రియాంక నాలుగో తరగతి, హారిక మూడు. పెద్దది చిన్నదాని చెయ్యి పట్టుకుని నడిచేది. కనకరత్నం రోజూ గట్టు మొదలు దాకా వెళ్ళి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా నిలబడి వచ్చేది. "ఏంటో చెల్లీ, నా గుండె పీకుతానే ఉంటుంది. మాస్టారిని ఓసారి అడగకూడదూ?" అనేది. ఉమ అడిగింది కూడా. "పై నుంచి వచ్చిన ఆర్డరమ్మా, నా చేతిలో ఏం లేదు" అన్నారాయన. ఆమె తిరిగి వచ్చేసింది.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. సాయంత్రం బడి నుంచి వస్తూ ప్రియాంక కాలు జారి చెరువులో పడింది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల... ఈత వచ్చు. కాని ఆ చెరువు లోపలంతా నీళ్ళు ఇంకకుండా నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. పాకుడు పట్టిన ఆ పట్టా మీద చెయ్యి ఆనదు, కాలు ఆనదు. ఎన్నిసార్లు గట్టు దాకా వచ్చిందో, ఎన్నిసార్లు జారిపోయిందో చూసింది హారిక ఒక్కతే. ఎనిమిదేళ్ళ పిల్ల గట్టు మీద పడుకుని తన బడి సంచీ అందించింది. అది అందలేదు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఇదంతా ఉమ కళ్ళ ముందు తిరిగింది. ఆఫీసరు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు.

"నేనేనండి" అంది ఉమ. "కాని అందులో ఏముందో నాకు తెలీదండి. చదవలేదు."

"చదవకుండా పెట్టారా?"

"అవునండి."

ఆఫీసరు నిట్టూర్చి ఫైలు మూశాడు. ఆయన వెళ్ళిన తర్వాత కనకరత్నం గుమ్మం పట్టుకుని లేచింది. ఇన్ని రోజుల్లో ఆమె తనంతట తాను లేవడం అదే మొదలు. ఉమ ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నారు అందరూ. కొడితే బాగుండునని ఉమ కూడా అనుకుంది.

"నాకు అక్షరం ముక్క రాదు చెల్లీ" అంది కనకరత్నం నెమ్మదిగా. "నీకొచ్చని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. మనింట్లో ఒకత్తికి చదువొచ్చులే, మనల్నెవరూ మోసం చెయ్యలేరులే అనుకున్నాను... నీకు అర నిమిషం తీరిక లేకపోయిందా?"

"అక్కా..."

"అక్కా అనకు నన్ను."

ఆ సాయంత్రమే కనకరత్నం తన గిన్నెలు వేరు చేసుకుంది. వరండా చివర ఇటుకలు పేర్చుకుని అక్కడే వండుకుంది. వెంకటరత్నమ్మ ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చింది. "పిల్ల ఎలాగూ పోయింది, ఉన్నవాళ్ళన్నా కలిసుండండే తల్లీ" అంది. ఎవరూ వినలేదు. మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే బోటు మీద వేటకు వెళ్ళారు గాని, వెళ్ళి వచ్చే దాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అన్నిటికన్నా ఉమకు కష్టంగా ఉండేది హారికను చూడడం. ఆ పిల్ల పెద్దమ్మ పొయ్యి దగ్గరకు వెళ్ళి నిలబడేది. కనకరత్నం పొమ్మనేది కాదు, రమ్మనేది కాదు. మొహం అటు తిప్పుకునేది. హారిక కాసేపు చూసి, మెల్లగా లోపలికి వచ్చి, "పెద్దమ్మకి నేను బతికానని కోపమా అమ్మా?" అని అడిగింది ఒకరోజు. ఉమ పిల్లను ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది.

ఆ వారంలోనే ఉమ ఒక నిర్ణయానికి వచ్చింది. షెడ్డు పనికి నాగా పెట్టి, తెల్ల కాగితాలు తెప్పించుకుని, తలుపు దగ్గర కూర్చుని అర్జీ రాయడం మొదలుపెట్టింది. సోమవారం బందరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఎవరి చేతైనా రాయించుకోవచ్చు కదా అన్నాడు వాసు. ఆమె ఒప్పుకోలేదు.

"ఏం రాస్తావు?"

"జరిగిందే రాస్తాను. నేను చదవకుండా పెట్టిన సంతకం చెల్లదని. ఆ దారి మంచిదని మేమెవరం అనలేదని. బడి మళ్ళీ ఇక్కడికి తెమ్మని."

"ఊరంతా నీ మీదే ఉమ్మేస్తారు ఉమా. తప్పు నాదేనని నీ చేత్తో నువ్వే రాసిస్తే, రేపు కేసంటే ఎవరు తిరుగుతారు? ఊరుకుంటే నాలుగు నెలల్లో అందరూ మర్చిపోతారు."

"అక్క మర్చిపోతుందా?" అంది ఉమ.

ఈ సంగతి ఎలా తెలిసిందో, భీమశంకరంగారు ఆదివారం ఇంటికొచ్చారు. పెద్దాయన. ఆ పాలెంలో పద్నాలుగేళ్ళు చదువు చెప్పినవారు. వరండాలో కనకరత్నం పొయ్యిని చూసి అక్కడే ఆగిపోయారు. ఎవరూ కూర్చోమనలేదు.

"పై వాళ్ళు రోజూ ఫోన్లు చేశారమ్మా" అన్నారు ఉమతో. "అన్ని బళ్ళూ పంపాయి, మీదే ఆలస్యమన్నారు. నమూనా కాగితం వాళ్ళే పంపారు. దారి మాట అందులోనే ఉంది. నేను చదివి వినిపించి ఉండాల్సింది. వినిపిస్తే మీరు ఒప్పుకోరని తెలుసు... అందుకే వినిపించలేదు." ఆయన మళ్ళీ ఆ పొయ్యి వైపు చూశారు. "నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. నువ్వలా రాస్తే సస్పెండు చేస్తారు."

ఉమ ఆయన కాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. చిన్నప్పుడు ఏ పంతులుగారు అక్షరాలు దిద్దించినా అలాగే నిలబడేది. "నన్ను క్షమించండి మాస్టారూ. మీ పేరు రాయకుండా ఉంటే అది మళ్ళీ చదవకుండా సంతకం పెట్టినట్టే అవుతుంది. నా పేరూ రాశాను, మీ పేరూ రాశాను."

ఆయన వెనక్కి తిరుగుతూ, "అలాగే ఇవ్వమ్మా. అడిగితే నిజమేనని చెప్తాను" అని వెళ్ళిపోయారు.

సోమవారం ఉమ ఒక్కతే పొద్దున్నే బస్సెక్కింది. బందరులో వరసలో మూడు గంటలు నిలబడింది. లోపల అర్జీ తీసుకున్న అమ్మాయి వంకర టింకర అక్షరాలు చూసి, "ఏం రాశారో మీరే చదివి చెప్పండమ్మా" అంది. చుట్టూ పదిమంది. ఉమ కాగితం రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. వెనక ఎవరో విసుక్కున్నారు. ఆమె ఆపలేదు. 'నాకు చదవడం వచ్చి కూడా సిగ్గుపడి చదవలేదు, అందువల్ల మా పిల్ల పోయింది' అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయింది. నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

వాసు భయపడ్డట్టే జరిగింది. షెడ్డులో ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. భీమశంకరంగారిని సస్పెండు చేశారు. అడిగినవాళ్ళకు ఆయన నిజమే చెప్పారట. ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు వచ్చి గట్లు కొలిచి వెళ్ళారు. దీపావళి వెళ్ళిన రెండు వారాలకు మూడు, నాలుగు, అయిదు తరగతులు మళ్ళీ పాలెం బడిలోనే జరపమని కాగితం వచ్చింది. బందరు నుంచి సాయిసుధ అనే కొత్త టీచరమ్మ వచ్చింది. పిల్లలు సంచులు మోసుకుని పాత బడికి వెళ్తుంటే, నాలుగో తరగతి వరసలో ఒక పేరు తగ్గింది. ఆ ఉదయం కనకరత్నం వరండాలో పొయ్యి వెలిగించలేదు.

టీచరమ్మ కొత్త కమిటీ కోసం మీటింగు పెట్టింది. ఈసారి బడి నిండా వచ్చారు. ఛైర్మన్ ఎవరంటే ఎవరూ నోరు విప్పలేదు. ఉమ ఆఖరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు కనకరత్నం లేచింది. చిక్కి సగమైపోయింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది.

"బడిలో నాకిప్పుడు పిల్లలు లేరు. మీరంతా ఒప్పుకుంటే నేనుంటానండి" అంది.

"మీకు చదవడం వచ్చా అమ్మా?" అని సాయిసుధ మెల్లగా అడిగింది.

"రాదండి. ఏ కాగితం వచ్చినా అందరి ముందూ చదివించుకుని వింటాను. వినకుండా వేలిముద్ర వెయ్యను." ఆమె వెనక్కి తిరగకుండానే అంది: "చదవడానికి మనిషుంది. ఉమాదేవి."

మూడు నెలల తర్వాత ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఉమ లేచి ముందుకు వచ్చింది. టీచరమ్మ కాగితం ఇచ్చింది. మధ్యాహ్న భోజనం గురించీ, గుడ్ల గురించీ ఏదో ఉంది అందులో. ఉమ తడుముకుంటూ చదివింది. ఒకచోట ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది. ఎవరూ నవ్వలేదు. పాతిక నిమిషాలు పట్టింది. కనకరత్నం కళ్ళు మూసుకుని, ఒక్క మాట పోకుండా వింది. తర్వాత బొటనవేలు సిరాలో ముంచింది.

ఇంటికి వస్తూ ఇద్దరూ ఒకే దారిలో, నాలుగడుగుల ఎడంలో నడిచారు. ఇల్లు దగ్గరపడ్డాక కనకరత్నం ఆగింది.

"నిన్ను చూస్తే నాకు పిల్లే కనిపిస్తోంది ఉమా. దాన్ని నేను మర్చిపోలేను, నీ తప్పు లేదనలేను. పొయ్యి వేరుగానే ఉండనియ్యి."

"అలాగే" అంది ఉమ. అక్కా అని నోటి దాకా వచ్చింది. అనలేదు.

"కాగితం వస్తే కబురు చేస్తాను. రావాలి."

"వస్తాను."

కనకరత్నం రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "ఆ పిల్లని... హారికని, రేపటి నుంచి తల దువ్వించుకోడానికి పంపు. అది ఏం తప్పు చేసిందని" అని, కళ్ళు తుడుచుకోకుండానే తన వైపు వరండాలోకి వెళ్ళిపోయింది.

ఉమాదేవి కూతురికి ఆ మాట చెప్పడానికి లోపలికి నడిచింది.